తూకపు రాయి

"మీ కాటా తప్పు, డాక్టరమ్మా."

గింజల వ్యాపారి చేతిలోని కాగితాన్ని టేబుల్ మీద పడేశాడు. మధ్యలో ఒక వాక్యం కింద ఎర్రగీత ఉంది. బయట బెంచీ మీద అతని భార్య కూతురి భుజానికి తల ఆన్చి కూర్చుంది. రొమ్ములో గడ్డ తీసేసిన రోజు నుంచీ ఆమెది ఒకటే ప్రశ్న, మళ్ళీ వస్తుందా అని.

డాక్టరు కాగితం చదివింది. "జన్యువులో మార్పు ఉందని రాశారు. కౌంటర్లో తీసుకుని మీరే విప్పేశారా?"

"ఆగలేకపోయాను. ఉంటే ఏమవుతుందో చెప్పండి."

"గడ్డ గ్రేడ్ రెండు, అంటే మధ్యరకం. అదొక్కటే అయితే ధైర్యంగా ఉండొచ్చు. ఈ మార్పు కూడా తోడైతే మళ్ళీ వచ్చే భయం పెరుగుతుంది. పైగా ఇది తల్లి నుంచైనా తండ్రి నుంచైనా పిల్లలకి దిగొచ్చు."

వ్యాపారి బేరం ఇంకా తెగలేదన్నట్టు జేబులోంచి రెండో కవరు తీశాడు. దాన్ని విప్పలేదు.

"అదేమిటి?"

"నా రాయి."

కొత్త కాటా కనబడితే చాలు, ముందు తన సంచీలోని బరువు తెలిసిన రాయి వేసి చూసుకోందే ఒక్క బస్తా ఎక్కించనివ్వడతను. ల్యాబులోనూ అదే చేశాడు.

"మా ఆవిడతో పాటు నా రక్తమూ ఇచ్చానండీ. జలుబు కూడా ఎరగని ఒళ్ళు నాది. ఇందులోనూ ఎర్రగీత ఉందనుకోండి, మీ ల్యాబుది దొంగ కాటా. రెండు కాగితాలూ చింపి పారేసి ఆవిడని ఇంటికి తీసుకుపోతాను."

"ఉండాలని కోరుకుంటున్నారా?"

"దణ్ణం పెడతాను. ఉండాలి."

డాక్టరు కవరు విప్పింది.

"ఇందులో ఏ మార్పూ లేదు."

అతను కుర్చీలో కూలబడ్డాడు. కాటా సరిగానే ఉంది. ఇప్పుడు బయటికెళ్ళి ఆమెకేం చెప్పాలి?

"ఉన్నదేదో నాకే ఉండకూడదా తల్లీ," అన్నాడు. "మార్చుకునే వీలుంటే ఈ క్షణమే మార్చుకుందును."

డాక్టరు రెండు కాగితాల మూలనున్న నంబర్లు చూసింది. కంప్యూటర్లో చూసింది. మళ్ళీ కాగితాలు చూసింది.

"వీటి మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. కౌంటర్లో ఇచ్చిన రెండింటిలో పైనున్న కవరు ఆవిడదనుకున్నారు మీరు. నేనిప్పుడు చదివిందే ఆవిడది. ఆవిడకి ఏ మార్పూ లేదు."

వ్యాపారి లేచాడు. నవ్వో ఏడుపో తనకే తెలియని ముఖంతో తలుపు దగ్గరికి ఉరికాడు. అద్దంలోంచి, తల్లి జుట్టు చెవి వెనక్కి సర్దుతున్న కూతురు కనబడింది.

అతని చెయ్యి ఇంకా గడియ మీదే ఉంది. డాక్టరు ఎర్రగీత కాగితాన్ని కింద పెట్టకుండానే అడిగింది.

"మీ అమ్మాయికి ఎన్నేళ్ళు?"