రెండు గ్లాసుల కొలత

నాలుగు నెలల్లో ఆరు కిలోలు పెరిగానని జిమ్ కోచ్ నా తిండి డైరీ తిరగేసింది.

"బల్కింగ్ చేస్తున్నారా అంకుల్?"

"అంటే?"

"కావాలని ఒళ్లు చేయడం."

"నాకంత పట్టుదల ఎక్కడిదమ్మా."

"అయితే పోర్షన్ కంట్రోల్ చేయాలి. వండినదాంట్లో సగమే తినండి."

"మిగతా సగం?"

"ఆంటీ తింటారుగా."

"ఆవిడ పోయాక ఆ సగం కూడా నేనే తింటున్నాను. ఇద్దరికీ రెండు గ్లాసుల బియ్యమని నేర్పింది. ఒకటే పోయడానికి చెయ్యి రావడం లేదు."

ఆమె డైరీ మూసి, పెన్నుకి మూత పెట్టేసింది.

"ఆదివారం మధ్యాహ్నం నా చీట్ మీల్. నియమాలు పక్కనపెట్టి తినే పూట. ఆ సగం ఇక్కడికి పట్టుకొచ్చేయండి."

"ఉప్పు నాకు కుదరదమ్మా."

"తిన్నాక తిడతాలెండి."

ఆదివారం ఎప్పటిలాగే రెండు గ్లాసులు పోశాను. కొలత సరిపోయింది.