పొట్టి ఈక

హెన్నింగ్ కత్తెర తీశాడంటే చుట్టుపక్కల బల్లల వాళ్ళంతా బేరాలు ఆపుకుని వచ్చేవారు.

జర్మనీలో కాసెల్ దగ్గర ఒక ఊరి వ్యాయామశాలలో ఏడాదికి రెండుసార్లు హిట్లర్ కాలపు పాత సైనిక సామాన్ల సంత జరుగుతుంది. హెల్మెట్లు, బెల్టు బకిళ్ళు, చొక్కా ఛాతీ మీద కుట్టే గద్ద గుర్తులు. స్వస్తిక బయటికి కనిపిస్తే చట్టం ఊరుకోదు కాబట్టి ప్రతిదాని మీదా చిన్న కాగితపు బిళ్ళ అంటించి ఉంటుంది. బెర్లిన్ గోడ కూలి మూడేళ్ళయింది. అప్పటినుంచీ తూర్పు వైపు నుంచి నకిలీలు కుప్పలుతెప్పలుగా వచ్చి పడుతున్నాయి.

నకిలీ కంటబడితే హెన్నింగ్‌కి ఒళ్ళు మండిపోయేది. దాన్ని అమ్మడు, ఎవరికీ ఊరికే ఇవ్వడు. తను కొనేసి అందరి ముందూ ముక్కలు చేస్తాడు. ఆ కోపాన్ని తప్పు పట్టలేం. తనకి తెలియనిది లేదన్న గర్వంతోనే వచ్చింది చిక్కంతా. నకిలీలు పట్టుకోవడం మీద అతను రాసిన చిన్న పుస్తకం ఆ హాల్లో ప్రతివాడి జేబులోనూ ఉంది.

ఆ రోజు అతని చేతిలో ఒక గద్ద గుర్తు ఉంది.

"ఎడమ రెక్క చూడండి! మూడో ఈక పొట్టిగా లేదూ? నా పుస్తకంలో పన్నెండో పేజీ. జర్మన్ కార్ఖానా ఇంత వంకర పని బయటికి పంపుతుందా? చచ్చినా పంపదు!"

"కొయ్యకు నాయనా!"

జనాన్ని తోసుకుంటూ ఒక ముసలావిడ వచ్చింది. పోలిష్ యాస.

"అది అసలుదే. నాకియ్యి. ఎంతంటే అంత ఇస్తాను."

"నకిలీలు నేనమ్మను మామ్మగారూ. ఇవాళ మీకిస్తే రేపు ఇంకెవడికో అసలుదని అంటగడతారు."

"అమ్ముకోడానికి కాదు. జోఫియా అని, ఒక మనిషి పేరు మా ఊళ్ళో స్మారకం గోడ మీద చెక్కించాలి. రుజువు తెమ్మన్నారు. ఇలాంటిది ఒక్కటి చూపిస్తే చాలు. ఎనిమిదేళ్ళ నుంచి వెతుకుతున్నా."

"ప్రతి నకిలీ వెనకా ఒక ఏడుపు కథ ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా వింటున్నా."

"వినద్దులే. ఆ దీపం కింద పెట్టి చూడు."

పక్క బల్ల ఎకార్ట్ ఊదారంగు దీపం వెలిగించాడు. యుద్ధం తర్వాత వచ్చిన దారమైతే ఆ వెలుతురులో తెల్లగా మెరుస్తుంది. ఇది మెరవలేదు.

"పాత దారమేరా హెన్నింగ్" అన్నాడు ఎకార్ట్ మెల్లిగా.

హెన్నింగ్ మొహం ఎర్రబడింది.

"పాత దారం దొరకదా ఏంటి? ఈ నకిలీ చేసినవాడెవడో ముదురు. అంతే! ఈక పొట్టిదంటే నకిలీ. మావాళ్ళ పనిలో అలాంటి తప్పు జరగదు."

"ఎందుకు జరగదురా మూర్ఖుడా?" ముసలావిడ గొంతు హాలంతా వినిపించింది. "చేసేవాళ్ళు చేస్తే జరుగుతుంది!"

"చేశారుగా! మీ పోలండ్‌లోనే, ఏ వంటింట్లోనో కూర్చుని, నిరుడు కుట్టుంటారు!"

"మావాళ్ళే కుట్టారు."

హాలంతా ఘొల్లున నవ్వింది.

"ఒప్పేసుకుంది! మామ్మే ఒప్పేసుకుంది!"

ఆవిడ చెయ్యి చాచింది. ఎకార్ట్ ఆవిడ భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. హెన్నింగ్ ఆవిడ కళ్ళలోకి చూస్తూనే గద్దని నిలువునా కోశాడు, మళ్ళీ అడ్డంగా కోశాడు. నాలుగు ముక్కలూ చాలక పదహారు చేసి చెత్తబుట్టలో పోశాడు. జనం చప్పట్లు కొట్టారు. సిగ్గులేని చప్పట్లు.

ఆవిడ ఏడవలేదు. బల్ల మీద థూ అని ఉమ్మేసి వెళ్ళిపోయింది.

మళ్ళీ సంతకి ఒక నడివయసు స్త్రీ హెన్నింగ్ బల్ల దగ్గరికి వచ్చింది. పేరు బోజెనా అని చెప్పింది.

"మూడో ఈక పొట్టిగా ఉన్న గద్ద ఒకటి కావాలి."

"మీరూ అదేనా? పోయినసారి ఒక ముసలావిడ వచ్చి నానా రభస చేసింది."

"మా అమ్మ. మార్చిలో పోయింది."

హెన్నింగ్ బల్ల మీది కత్తెర తీసి సొరుగులో పెట్టాడు.

"ఒక్కటి కూడా లేదండీ. నేనే ముప్పై దాకా కోశాను. నా పుస్తకం చూసి ఇంకా ఎంతమంది కోశారో."

"మంచి పని చేశారు" అంది బోజెనా. "ఆ గద్దల్ని ఆడఖైదీల క్యాంపులో కుట్టించారు. ఒక పిల్ల కావాలని మూడో ఈక కురచ చేసేది. ఆకలితో, దెబ్బలతో ఉన్న పిల్ల అంతకంటే ఏం ఎదిరించగలదు? ఐదు నెలలు మీ సైనికులు ఆ వంకర గద్దలే తొడుక్కుని తిరిగారు. ఒకనాడు గార్డు కనిపెట్టి, ఎవరిదీ పని అని అరిచింది. చెప్పకపోతే వరస మొత్తాన్నీ చంపుతామంది. నాదే అని జోఫియా లేచి నిలబడింది. ఉరి తీశారు. జ్వరంతో పోయిందని రిజిస్టర్లో రాసుకున్నారు, అందుకే స్మారకం వాళ్ళు రుజువు అడిగారు."

"అంటే, ఆ ఈకలు కుట్టింది జోఫియానా?"

"జోఫియా నలభై ఏళ్ళ మనిషి, ఆ ఈకల సంగతే ఆవిడకి తెలీదు, పక్కన కూర్చున్న పిల్ల చేతులు వణకడం చూసి లేచిందంతే" అంది బోజెనా. "ఆ పిల్ల మా అమ్మ."