పిల్లి వదలని అర

అమ్మ పోయి నాలుగు రోజులైనా, ఆవిడ కుర్చీ వెనకున్న పుస్తకాల అరని పిల్లి వదలడం లేదు. చెవులు రిక్కించి వింటుంది, గోళ్ళతో అట్టలు గీకుతుంది, మళ్ళీ వింటుంది.

"మా అక్క ఇంకా అక్కడే ఉంది. దానికి తెలుస్తోంది," అంది పిన్ని.

"వారం వారం పేపర్లో సైన్సు రాసేదాని ముందా పిన్నీ ఈ మాటలు?" అన్నాను, హాల్లో ఆ చివర్నుంచి ఈ చివరికి తిరుగుతూ. ఈ వారం వ్యాసం ఒక్క ముక్క కూడా రాయలేదు. ఏది రాసినా ముందు అమ్మకి చదివి వినిపించడం నా అలవాటు.

"ఇంట్లో కాలుగాలిన పిల్లులు రెండయ్యాయి. కాసేపు కూర్చోవే."

ఉండబట్టలేక అరలో పుస్తకాలన్నీ లాగి కింద పడేశాను. వాటి వెనక అమ్మ చెవి మిషన్ దొరికింది. ఆపకుండా పెట్టేసినట్టుంది, ఇంకా సన్నగా కూస్తోంది. చెవికి ఆనించుకుంటే గానీ నాకు వినపడలేదు.

"ఇదీ నీ దెయ్యం. బ్యాటరీ ఇంకా అయిపోలేదు, అంతే. అసలిది ఇక్కడికెలా వచ్చింది?"

పిన్ని నసిగింది. "నువ్వు కాగితాలు పట్టుకుని రాగానే తీసి అక్కడ పెట్టేసేది. నీ సైన్సు తన బుర్రకెక్కదట."

"మరి అయిపోగానే ‘ఇంకోసారి చదువు’ అనేదిగా?"

"నువ్వు అక్క పక్కన కూర్చునేది చదివినంతసేపే కదే."