పిల్లలు పెట్టే ఫైలు

అక్కా,

ఇరవయ్యో తేదీన రిపేరతను వచ్చి మన కంప్యూటర్ మొత్తం తుడిచేస్తాడు. అంతకుముందే నీకు చెప్పాలని రాస్తున్నాను.

కొన్నాళ్లుగా అందులో ఒకే ఫైలు ఎలుకలా పిల్లలు పెడుతోంది. డిస్కు నిండిపోయింది, మెషీన్ నత్తలా నడుస్తోంది. వైరస్ అనుకున్నాను. ముట్టుకుంటే నా ప్రాజెక్టు కూడా పోతుందేమోనని ఒక్కటీ తెరవలేదు. 

ఇవాళ ధైర్యం చేసి ఒకటి తెరిచాను. ఫోటో! కుట్టుమిషను ముందు నవ్వుతూ నువ్వు! ఇంకోటి తెరిస్తే మళ్లీ నువ్వే.

తిరిగి చూస్తే నా వెనక నాన్న నిలబడి ఉన్నాడు. నీ పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయే నాన్న.

"సేవ్ చేయకుండా మూస్తే అంతా పోతుందని నువ్వేగా చెప్పావు! అందుకే చూసినప్పుడల్లా మళ్లీ కొత్తగా సేవ్ చేశాను."

"ఒక్కసారి చేస్తే చాలు నాన్నా!"

"ఏమోనే. ఒకసారి పోగొట్టుకున్నవాణ్ణి, నాకు నమ్మకం లేదు."

ఒక్కటి ఉంచి మిగతావి తీసేస్తానంటే, కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని లేవడం లేదు. నేనెంత చెప్పినా వినడు. నువ్వొచ్చి పక్కన నిలబడితేనే లేస్తాడు.

ఎప్పుడొస్తావో పద్దెనిమిదో తేదీలోగా రాయి.

నీ చెల్లి