ఒక్కటే కాపీ

బావమరిదికి,

పెళ్లిరోజు కానుక అంటూ నువ్వు మీ అక్కకు ఆ సినిమా హీరో ఫొటో తెచ్చిచ్చావు చూడు, ఏళ్లు గడిచినా నాకా కోపం చల్లారలేదు. లోకం మొత్తానికి పాతికే అచ్చు వేశారట, ఇది ఏడోదట. కింద పెన్సిలుతో నంబరు, పక్కన వాడి సంతకం.

ఆ పిచ్చి ముదిరి ఇప్పుడు గోడ నిండా నటులే. ఎండ తగిలితే బొమ్మలు వెలిసిపోతాయని కిటికీ తెర తీయనివ్వదు. "చీకట్లో కూర్చుని నేను వెలిసిపోవడం లేదా?" అన్నాను.

"మీలో వెలిసిపోవడానికి ఇంకేం మిగిలిందండీ?" అంది.

నిన్న కోటు తొడుక్కుని స్టూడియోకి వెళ్లి ఫొటో దిగాను. ఎన్ని కాపీలని ఫొటోగ్రాఫరు అడిగాడు. "ఒక్కటే. రెండోది తీశావో, ఊరుకోను" అన్నాను. కింద నంబరు వేసి, అక్షరాలు గుండ్రంగా దిద్ది సంతకం చేసి తెచ్చాను. హీరోని దించి నన్ను తగిలించమన్నాను.

మీ అక్క తెల్ల చేతితొడుగులు వేసుకుంది. ఫొటో అంచులు పట్టుకుని చాలాసేపు చూసింది. పల్చటి కాగితంలో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేసింది.

"గోడకి తగిలించవా?"

"ఒక్కటే ఉన్నదాన్ని ఎవరైనా వెలుతురులో పెడతారా?" అంది.

ఈ విద్యంతా ఆవిడకు నేర్పింది నువ్వే. నాకు జరిగింది మర్యాదా, అవమానమా? భోజనం దగ్గర మూతి ముడుచుకోవాలో వద్దో తెలియక చస్తున్నాను. ఆదివారంలోగా జవాబు రాయి.