నొప్పికి సరైన మాట

“నడుముల తీపులు” అని పోచమ్మ మొత్తుకుంటే, తోడు వెళ్లిన తుషార్ “ఈమెకు నడుంలో తీపి” అని డాక్టరుకు మరాఠీలో చెప్పాడు. డాక్టరమ్మ కాసేపు ఆలోచించి షుగర్ పరీక్షకు రాసింది.

తుషార్‌ని అని లాభం లేదు. ముంబయి కామాఠిపురాలో నాలుగో తరం. ఇంట్లో తెలుగు వింటాడు, మరాఠీలో జవాబిస్తాడు. తీపులంటే సలుపని వాడికెవరు చెప్పారు? పాలమూరు నుంచి వచ్చి సిమెంటు తట్టలు మోస్తున్న పోచమ్మకేమో మరాఠీ ముక్క రాదు. ఇద్దరి మధ్యా నొప్పి నలిగిపోయింది.

సంగతి విని వాళ్లుండే వరస గదుల చాల్ చాలంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా వెంకటయ్య నవ్వాడు. నవ్వి నవ్వి మెట్టు మీద కూలబడి, ముందుకు వంగి, కడుపు పట్టుకున్నాడు.

“సాల్తియ్ మామా, కడుపు చెక్కలైతది” అంది పక్కింటి సాక్షి.

పోచమ్మకు మాత్రం నవ్వు రాలేదు. “ఆస్పత్రికి రెండు మాట్ల వొయ్యొస్తి. ఇంకో పది దినాలల్ల నడుము సక్కగ గాకుంటే కూలీల ముకద్దం నా జాగల ఇంకొకామెను వెడ్తనంటున్నడన్నా.”

“ఈసారి నేనొస్త చెల్లే” అన్నాడు వెంకటయ్య.

ఒకప్పుడు ప్రెస్సులో అక్షరాలు పేర్చిన మనిషి. మాట కనిపిస్తే విరవకుండా వదలడు. మున్సిపల్ ఆస్పత్రిలో నోరు లేని తెలుగువాళ్లకు ముప్పై ఏళ్లుగా ఆయనే నోరు. అదీ ఎలా? “ఈమెకు జ్వరం” అనడు. “నాకు జ్వరం” అంటాడు. రోగి ఎలా చెబితే అలా చెప్పాలని ఆయన పట్టుదల. ఒకసారి “నాకు మూడో నెల” అని చెప్పి వార్డంతా నవ్వించాడు. డాక్టర్లకు అలవాటైపోయింది.

ఆ సాయంత్రమే సాక్షి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆ పిల్ల ఇంగ్లీషుతో బి.ఎ. చదువుతోంది.

“పెయిన్‌కు ఇంకా మంచి మాటలు చెప్పు బిడ్డా. పెయిన్ అంటే నెత్తిల పేను. ఉన్నదని తెలుస్తది, ఏడున్నదో తెల్వది. ఆ డాక్టరమ్మ పెయిన్ అంటే సాలు, గోలీ రాసి ఎల్లగొడ్తది.”

“ఏక్.”

“ఏక్ అంటే ఒకటి. ఒక్కటే ఉంటే ఆస్పత్రికెందుకు పోతరు? రెండోది చెప్పు.”

“క్రాంప్.”

“క్యాంపు వేసుకొని కూసుంటదా?” కళ్లు మూసుకుని, మాటను నాలుక మీద పెట్టుకుని చూసినట్టు చూశాడు. “ఊహూఁ. వచ్చిపోయేది కాదు.”

“స్టిచ్?”

“కుట్టా? కుడితే దర్జీకి ఇద్దుము. అది కాదు. రొమ్ము కింద మొదలైతది. లోపట లోపటనే తొలుచుకుంట పోయి వీపుల తేలుతది. తిన్నంక లేస్తది. ముందుకు వంగితే జర సల్లవడ్తది.”

పోచమ్మను ఎంత ఓపిగ్గా అడిగి తెలుసుకున్నాడో అనుకుంటూ సాక్షి ఫోన్‌లో వెతికింది. “దొరికింది మామా. బోరింగ్.”

“బోరింగా! పాలమూరుల నీళ్లకు కొడ్తరే, అదా?” వెంకటయ్య కళ్లు తెరిచాడు. “ఇదే బిడ్డా. నీళ్లు కండ్లల్లకెల్లి వస్తయ్, గంతే ఫరక్.”

గురుదక్షిణగా తన వడాపావ్ ఆమె చేతిలో పెట్టాడు.

“నువ్వు తినవా?”

“ఒక్కపొద్దు.”

“నిన్న గూడ అదే అన్నవ్ కదా?”

“రెండు పొద్దులైనయ్ మరి.”

తన మాటలు ఎలా పనిచేస్తాయో చూడాలని మర్నాడు ఆస్పత్రికి సాక్షి కూడా వాళ్లిద్దరి వెంట వెళ్లింది. పనిచేశాయి. వెంకటయ్య బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త రంధ్రాన్ని సవరించుకుని, “నాకు” అని మొదలుపెట్టి, తొలవడం, తిన్నాక లేవడం, వీపులో తేలడం, అన్నీ వరసగా చెప్పాడు. బోరింగ్ అనగానే డాక్టరమ్మ కలం ఆగింది.

“బరువు తగ్గిందా?”

“నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు” అన్నాడు తడుముకోకుండా.

“ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?” డాక్టరమ్మ పోచమ్మ కేసి కోపంగా, జాలిగా చూసింది. గోలీ రాయలేదు. అర్జంటు అని కింద గీత గీసి, కడుపు స్కానింగుకు, సోనోగ్రఫీకి రాసింది.

“ఏమంటున్నదన్నా?” అంది పోచమ్మ.

“మంచిగనే అంటున్నది చెల్లే.” మళ్లీ డాక్టరు వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు. “ఒకవేళ అదే అయితే ఎన్నాళ్లమ్మా?”

“ముందు రిపోర్టు రానివ్వండి.”

మూడో రోజుకు రిపోర్టు వచ్చింది. ఆ వేళ వెంకటయ్య లోపలికి రాలేదు. “ఉక్కవోస్తున్నది, మీరు వోండ్రి” అని బయట బల్ల మీదే ఉండిపోయాడు.

డాక్టరమ్మ రిపోర్టును రెండుసార్లు చదివింది. “ఈమె కడుపులో ఏమీ లేదు” అంది సాక్షితో. “కానీ అంత కచ్చితంగా చెప్పిన నొప్పి అబద్ధం కాదు. ఆమెనే మళ్లీ అడుగు.”

సాక్షి ఒక్కో మాటా తెలుగు చేసి అడిగింది. “రొమ్ము కింద తొలుస్తదా పోచమ్మత్తా? తిన్నంక లేస్తదా?”

“నాకా? కడుపులనా?” పోచమ్మ తెల్లబోయింది. “తట్ట ఎత్తితే నడుము గుంజుతది. గదే చెప్పిన గద అన్నకు.”

“ముందుకు వంగితే తగ్గుతదని గూడ చెప్పినవ్ కదా?”

పోచమ్మ తెరిచి ఉన్న తలుపులోంచి బయటి బల్ల వైపు చూసి అంది: “గట్ల వంగి కూసునేది నేను గాదు బిడ్డా, అగో, అన్న.”