సూది వేసిన చెయ్యి

"ఏం మందు వేశారో తెలీదంటారు. ఎవరు వేశారో చెప్పమంటే చెప్పరు. ఇక నేను వైద్యం చేసేదెట్లా?" అంది డాక్టర్ పద్మజ.

మంచం మీద ఇమాం సాహెబ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. కుడి తొడ గుమ్మడికాయలా వాచింది. ఒళ్లంతా దద్దుర్లు, కాలిపోయే జ్వరం. పక్కనే ఆయన భార్య హజ్రా బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏడుపు ఆపుకుంటోందని నర్సు జాస్మిన్ జాలిపడింది. ఆమె ఆపుకుంటున్నది మాటని.

మోకాలినొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు వేసిన సూది వికటించింది. మాచవరం అవతలి పల్లె నుంచి ఆటోలో నరసరావుపేట చేరేసరికి మనిషి సగమయ్యాడు. ఇంతవరకూ చెప్పారు. అక్కణ్ణుంచి మొగుడూ పెళ్లాలిద్దరూ నోటికి తాళం వేశారు.

డాక్టరమ్మకు కావలసింది ఒక్కటే. ఏ మందు ఈయన ఒంటికి పడలేదో తెలియాలి. తెలియకుండా తనూ అదే ఎక్కిస్తే ప్రాణం పోతుంది. ఏదీ ఎక్కించకుండా కూర్చుంటే తొడలో చీము రక్తంలోకి పాకి అప్పుడూ పోతుంది. ఆ ముక్క ఆమె దాచకుండా చెప్పేసింది.

గోడకు 'రోగుల హక్కులు, బాధ్యతలు' అని పెద్ద బోర్డు ఉంది. దాని మేకుకు నర్సులు హ్యాండ్‌బ్యాగులు తగిలిస్తుంటారు. పద్మజ బ్యాగులు పక్కకు జరిపి బోర్డు మీద వేలు పెట్టింది.

"ఒంట్లోకి ఎక్కించే మందు పేరు అడగటం మీ హక్కు. ఏం వేయించుకున్నారో మాకు చెప్పటం మీ బాధ్యత. అసలు అడిగారా ఆయన్ని?"

"అడిగానమ్మా. నువ్వేమన్నా డాక్టరువా అన్నాడు."

అన్నాడంటే అన్నాడే. ఆ డాక్టరు పద్ధతే అంత. సీసా మీది కాగితం గోటితో గీకి పారేసిగానీ సూది ఎత్తడు. పేరు తెలిస్తే జనం షాపుకు పోయి సొంతంగా కొనుక్కుంటారని ఆయన భయం. ఏం మందని అడిగితే బలానికి అంటాడు. మళ్లీ అడిగితే నొప్పికి అంటాడు. మూడోమాట అడిగిన మొనగాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

అట్లాగని హజ్రా బీ ఆయన్ని పల్లెత్తు మాట అననివ్వలేదు. చిన్నప్పుడు పిల్లలకు ఎప్పుడు ఒళ్లు కాలినా, ఏ అపరాత్రి లేపినా, విసుక్కుంటూనే లేచేవాడట. ఆమెకు సుస్తీ చేస్తే ఆయన చెయ్యి పడందే తగ్గేది కాదట. ఇన్నేళ్లలో ఫీజన్న మాటే ఎత్తలేదట.

అంత ధర్మాత్ముడైతే మందు పేరు చెప్పడానికేం రోగమని పద్మజ అడిగింది. పైగా ఈ సూది ఎవరైనా పిర్రకు వేస్తారు గానీ ఇట్లా తొడకు పొడుస్తారా అని కూడా అడిగింది.

చివరకు హజ్రా బీ నోటి మీది కొంగు తీసింది. "ఆ ఇల్లు గడిచేది ఆ సూదితోనే డాక్టరమ్మా. తప్పు జరిగిందని ఊరికి తెలిస్తే ఇంకెవరూ ఆ గడప తొక్కరు."

"వాళ్ల గడప సంగతి మీకెందుకమ్మా? పోయేది మీ ఆయన ప్రాణం."

హజ్రా బీ కొంగు మళ్లీ నోటికి అడ్డం పెట్టుకుంది.

పద్మజకు ఒళ్లు మండింది. కొంప ముంచినవాణ్ణే వెనకేసుకొచ్చే మనుషులను ఈ వార్డులో చాలామందిని చూసింది గానీ ఇంత మొండి ఘటాలను చూడలేదు. పోలీసులకు చెప్పి వాణ్ణి ఈడ్పిస్తానంది. దాంతో గోడవైపు నుంచి ఇమాం సాహెబ్ మూలిగాడు.

"ఆయన చానా మంచోడమ్మా. హస్తవాసి గలోడు. ఆయన్ని బజారుకీడ్చొద్దు."

ఆటోలో వస్తున్నంతసేపూ ఆయనది ఇదే గోల. ఆ డాక్టరెవరో నోటితో చెప్పనని భార్య చేత అల్లా మీద ఒట్టు వేయించుకున్నాకగానీ ఊరుకోలేదు. ఇన్నేళ్ల కాపురంలో హజ్రా బీ మాట తప్పిన మనిషి కాదు.

అంతలో జాస్మిన్ బీపీ చూసి, పడిపోతోందని చెప్పింది. ఇమాం సాహెబ్‌ను పిలిస్తే ఊఁ అనడం కూడా తగ్గిపోయింది. పద్మజ ఇక మాటలు కట్టిపెట్టి, గుంటూరు తీసుకుపొమ్మంది. దారిలో ఏమన్నా అయితే తన పూచీ లేదంది.

హజ్రా బీకి ఒకపక్క ఒట్టు భయం, ఇంకోపక్క మనిషి భయం. ఈయనే పోయాక ఆ డాక్టరు పరువు ఏ గోడకు తగిలించుకోవాలని కోపం వచ్చింది. నువ్వు డాక్టరువా అన్న మాట గుర్తొచ్చి గోరంత కోపం కొండంత అయింది. అప్పుడు తట్టింది. ఒట్టు వేసింది నోటితో చెప్పనని. చేతి సంగతి ఒట్టులో లేదు.

సంచిలో నుంచి తన బటన్ ఫోను తీసింది. ఆ డాక్టరు నంబరున్న మీట నొక్కిపట్టి, డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

"మీరే అడగండమ్మా. మీరు డాక్టరే గదా, చెప్పుద్ది ఆ నోరు."

పద్మజ ఫోను చెవిన పెట్టుకుంది. ఎత్తగానే నాలుగు దులిపి ఆ తర్వాత మందు పేరు అడుగుదామని గొంతు సవరించుకుంది.

ఇమాం సాహెబ్ కళ్లు తెరవకుండానే తలగడ కిందికి చెయ్యి పోనిచ్చి, మోగుతున్న ఫోను తీసి చెవికి ఆనించుకుని, "ఆఁ, డాక్టర్నే మాట్లాడుతున్నా, చెప్పండి" అన్నాడు.